ఐదో 'ఎందుకు'

భర్త సదయుకి బనియన్లో నల్లటి పోగు ఒకటి దొరికిన రోజు నుంచి మిసావో బట్టలకు ఇంట్లో వాషింగ్ మెషీన్లో చోటు పోయింది. ఆ పోగు కంటికి ఆనేంత పెద్దది కూడా కాదు. వెంట్రుక కన్నా సన్నం, పొడవు మూడు మిల్లీమీటర్లు. అయినా సదయుకి ఆఫీసులో రోజంతా వీపు గోక్కున్నాడట. ఇంటికొచ్చి బనియన్ విప్పి, కిటికీ వెలుగులో తల్లికి చూపించి, "నీ కోడలి ఫ్యాక్టరీ నా వీపెక్కిందమ్మా" అన్నాడు నవ్వుతూనే. అత్తగారు నవ్వలేదు. "మగవాళ్ళ బట్టలతో కలపొద్దని నేను మొదటి నుంచీ చెప్తూనే ఉన్నాను" అంది. అంతకుముందు ఆవిడ ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. కానీ ఆ ఇంట్లో ఆవిడ ఈరోజు అన్నది మొదటి నుంచీ అన్నట్టే లెక్క. అప్పటి నుంచి మిసావో పని నుంచి రాగానే పెరట్లో కుళాయి దగ్గర ప్లాస్టిక్ తొట్టి పెట్టుకుని తన బట్టలు తనే చేత్తో ఉతుక్కుంటుంది. మంచు చూరు దాకా పేరుకున్న రోజుల్లో కూడా అక్కడే. పదకొండేళ్ళుగా ఆ పోగులు ఆమె ముంజేతుల్లో గుచ్చుకుంటూనే ఉన్నాయి. రాత్రి ఎర్రగా దద్దుర్లు లేస్తాయి. ఆ దద్దుర్లను కిటికీ వెలుగులో పట్టి చూసిన వాళ్ళు ఎవరూ లేరు.

ఫుకుయి పట్నంలో ఆ ఫ్యాక్టరీ ఒకప్పుడు కోటు లోపలి అస్తరుకు పట్టు నేసేది. పట్టు పోయి రేయాన్ వచ్చింది, రేయాన్ పోయి ఇప్పుడు కార్బన్ పోగులు వచ్చాయి. మగ్గాలు తీసేసిన షెడ్డులో ల్యాబ్ పెట్టారు. మిసావో అక్కడ పార్ట్ టైమ్. ఉదయం తొమ్మిదికి వెళ్ళి మూడున్నరకు వచ్చేయాలి, ఎందుకంటే నాలుగింటికి అత్తగారిని వృద్ధుల పగటి సంరక్షణ కేంద్రం వాళ్ళ వ్యాను గుమ్మంలో దించుతుంది. ల్యాబ్‌లో ఆమె పని ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం. కాగితం మీద రాసింది "సహాయకురాలు". పొడవాటి కార్బన్ పోగులు ముక్కలుగా తెగి వస్తే వాటిని తూచి నీళ్ళ తొట్టిలో కలపాలి. ఆ నీళ్ళు సన్నని సందులోంచి వేగంగా జారినప్పుడు పోగులన్నీ నీటి వాలుకు ఒకే దిక్కుకు తిరుగుతాయి, కింద కదులుతున్న జాలీ మీద పడతాయి, నీళ్ళు దిగిపోతాయి. మిగిలిన నల్లటి పలచని షీటును చిరగకుండా ఎత్తి ఆరబెట్టాలి. ఆరిన షీటును ప్లాస్టిక్ పొరతో కలిపి, వేడి చేసి, అచ్చులో పెట్టి ప్రెస్సుతో నొక్కుతారు. అది మగవాళ్ళ పని. టీ కాచడం, కప్పులు కడగడం, ఎవరైనా వస్తే వాళ్ళు విప్పిన బూట్లు వెళ్ళేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా తిప్పి పెట్టడం కూడా ఏ కాగితం మీదా లేదు గానీ అవీ ఆమె పనులే.

పోగుల్ని ముక్కలు ఎందుకు చేస్తారో మొదటి రోజుల్లో ఆమెకు అర్థం కాలేదు. చదువుకున్న ఇంజనీరు కసాషిమా, ముప్ఫై నిండని మెత్తటి మనిషి, ఒకసారి సందర్శకులకు చెప్తుంటే టీ అందిస్తూ విన్నది. పొడవాటి పోగులతో నేసిన గుడ్డ లోతైన అచ్చులోకి దిగదు, మూలల్లో ముడతలు పడుతుంది, లేదా తెగుతుంది. ముక్కలైతే ఒకదాని పక్కన ఒకటి వెంట్రుకవాసి జరిగి అచ్చు ఎలా ఉంటే అలా ఒదుగుతాయి. అన్నీ ఒకే వైపు పడుకుని ఉంటే బలం కూడా తగ్గదు. ఆ మాట విని, పక్కనే కప్పులు తుడుస్తున్న ఫుసాకో గొంతు తగ్గించి అంది: "విన్నావుటే మిసావో. పొడుగ్గా ఉంటే మాట వినదట. ముక్కలు చేసి, అన్నిటినీ ఒక వైపు తిప్పి పడుకోబెట్టి, వేడి పెట్టి నొక్కితే ఏ అచ్చులో అయినా కూర్చుంటుందట. దీనికి ఇంత పెద్ద చదువులా? మా అత్త ఐదో తరగతి."

మిసావో నవ్వు ఆపుకోలేక గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. ఫుసాకోకి అరవై మూడు. మగ్గాల కాలం నుంచి అక్కడే ఉంది. ఆవిడ పేరు కూడా ఏ కాగితం మీదా లేదు.

కష్టం ఎక్కడ వచ్చిందంటే, పోగులు నీళ్ళల్లో విడివిడిగా ఉండటం లేదు. స్నానాల గదిలో తూము దగ్గర జుట్టు చిక్కుకున్నట్టు ఉండలు కడుతున్నాయి. ఉండ ఉన్న చోట షీటు మందం, దాని పక్కన పలచన, ప్రెస్సులో పెట్టగానే అక్కడే పగులు. రెండేళ్ళు ఎన్ని రసాయనాలు పోసినా అంతే. సెక్షన్ హెడ్ మకినో రోజూ తొట్టి చుట్టూ తిరిగి, "ఏమిటిది, సబ్బు నీళ్ళా? ఇది ల్యాబా, చాకిరేవా?" అని కసాషిమాని అందరి ముందూ అనేవాడు. ఆ ఉండల్ని చూసినప్పుడల్లా మిసావోకి తల్లి చేతులు గుర్తొచ్చేవి.

మిసావో పుట్టిల్లు కాగితం చేసే ఊళ్ళో. ఆ ఊరికి కాగితం నేర్పిన దేవత ఆడది. తొట్టి ముందు నిలబడి చల్లటి నీళ్ళల్లో చేతులు పెట్టి కాగితం తీసేది ఆడవాళ్ళు. గుమ్మం మీద పేరు మాత్రం మగవాడిది. నారలు నీళ్ళల్లో ఉండ కట్టకుండా మిసావో తల్లి ఒక వేరు నానేసి, దాని జిగురు తీసి తొట్టిలో కలిపేది. బెండ జాతి మొక్క. పేరుకే జిగురు గానీ అది దేన్నీ అంటించదు, నారకీ నారకీ మధ్య చేరి విడదీస్తుంది, నీటిని నెమ్మది చేస్తుంది. మిసావో చిన్నప్పుడు తొట్టి అంచు పట్టుకుని చూస్తుంటే తల్లి, "నీకెందుకే ఇవన్నీ, నువ్వు వెళ్ళిపోయేదానివి. ఇది వచ్చే కోడలికి నేర్పాలి" అనేది. అందుకని మిసావోకి ఎవరూ నేర్పలేదు. చూసింది, అంతే.

మూడేళ్ళ కిందట జనవరిలో ఒక మధ్యాహ్నం, పుట్టింటి నుంచి వదినని అడిగి తెచ్చుకున్న సీసాడు జిగురు, అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు చిన్న తొట్టిలో పోసి కలిపింది. పోగులు పొగలా విచ్చుకున్నాయి. ఒక్క ఉండ లేదు. కసాషిమా పళ్ళు కుట్టుకుంటూ తిరిగొచ్చి తొట్టి ముందు ఆగిపోయాడు.

"ఇందులో ఏం వేశారు?"

"తప్పయితే కడిగేస్తానండీ."

"కడగొద్దు. ఎవరూ ముట్టుకోవద్దు."

ఆ సాయంత్రం మిసావో కూరల కొట్టు దాకా వెళ్ళి ఏం కొనాలో మర్చిపోయి ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. భోజనాల దగ్గర భర్తకు చెప్పబోయింది. సదయుకి ముల్లంగి కోరు నూడుల్స్ మీద వేసుకుంటూ విని, "బెండ జిగురా? మీ ఊళ్ళో అది అందరికీ తెలిసిందేగా. అందరికీ తెలిసింది నువ్వు కనిపెట్టడం ఏమిటి?" అన్నాడు. కోపంగా కాదు, లెక్క తప్పిన పిల్లకు చెప్పినట్టు. దానికి జవాబు ఆమెకు మర్నాడు బట్టలు పిండుతుంటే దొరికింది. అవును, ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ ల్యాబ్‌లో కూడా కార్బన్ గురించి అందరికీ తెలుసు. ఆ తొట్టీ ఈ తొట్టీ రెండూ తెలిసింది మాత్రం నాకొక్కదానికే. కానీ అప్పటికి సదయుకి ఇంకా ఆఫీసు నుంచి రాలేదు, ఆ మాట చెప్పడానికి ఎదురుగా కుళాయి తప్ప ఎవరూ లేరు.

ఫ్యాక్టరీలో ఎవరికి ఏ ఆలోచన వచ్చినా ఒక కాగితం రాసి ఇవ్వాలి. మిసావో రెండు వైపులా నిండా రాసింది. వేరు ఎలా నానేయాలి, ఎంత కలపాలి, చేతికి ఎలా తగలాలి. నీళ్ళు చల్లగా ఉండాలనీ, ఎండాకాలం ఈ జిగురు చచ్చిపోతుందనీ, మే దాటితే తన తల్లి మంచి కాగితం తీసేది కాదనీ కూడా రాసింది. మకినో పెన్సిలు తీసుకుని చదువుతూ సగం కొట్టేశాడు. "అమ్మా, ఇది ఇంటికి రాసే ఉత్తరం కాదు. మీ అమ్మగారి సంగతులు ఇందులో ఎందుకు? ఆవిడ వచ్చి పేటెంట్ ఆఫీసులో చెప్తారా?" అన్నాడు. కొట్టేసిన సగంలోనే చల్లటి నీళ్ళ మాట పోయింది. మిగిలినదాన్ని కసాషిమా టైపు చేశాడు. బయట మంచు పడుతోంది, కుళాయి నీళ్ళు వేళ్ళు కొరుకుతున్నాయి. నీళ్ళు చల్లగా ఉండటం ఒక విషయమని ఆ రోజు అక్కడ ఎవరికీ తోచలేదు. శీతాకాలమంతా పరీక్షలు చేశారు, అన్నీ నెగ్గాయి. ఆ తర్వాత రెండేళ్ళూ పెద్ద యంత్రం కట్టడంలో, అనుమతుల్లో గడిచాయి.

పేటెంట్ దరఖాస్తును ఆమె మొదటిసారి చూసింది జిరాక్సు తీయమని ఇచ్చినప్పుడు. కనిపెట్టిన వారి పేర్లు అని ఉన్న చోట మకినో, కసాషిమా. ఆమె ఆ పేజీని ఆరుసార్లు యంత్రంలో పెట్టి ఆరు నకళ్ళు తీసింది, చెప్పినన్ని. అడగడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు టీ కప్పు బల్ల మీద పెడుతూ, "సార్, ఆ కాగితంలో..." అంది.

మకినో ముందే సిద్ధంగా ఉన్నట్టు మాట్లాడాడు. "మీరు పార్ట్ టైమ్ కదమ్మా. ఆ ఫారంలో పార్ట్ టైమ్ వాళ్ళు పట్టరు. అయినా నేను మర్చిపోలేదు. యంత్రం పూర్తవగానే కారు కంపెనీ వాళ్ళు చూడటానికి వస్తారు. అది బాగా జరగనీయండి, రెండో దరఖాస్తు వేస్తాం. అందులో మీ పేరు పెట్టించే పూచీ నాది."

ఫారంలో పేరు పట్టకపోవడమేమిటో, గడి ఎంత ఉంటుందో అని ఆమె ఇంటి దాకా ఆలోచించింది. ఇంట్లో చెప్తే సదయుకి, "పేరుదేముంది? పేరు పడితే ఇంకా ఎక్కువసేపు ఉండమంటారు. నాలుగింటికి అమ్మను ఎవరు దించుకుంటారు?" అన్నాడు. అత్తగారు పక్క గదిలోంచి, "నా పేరు ఈ ఇంటి గుమ్మం మీద యాభై ఏళ్ళుగా లేదు. నేనేమైనా చచ్చిపోయానా?" అంది. ఆ మాటలో దెప్పడమే ఉందో, ఇంకేదైనా ఉందో మిసావోకి తెలియలేదు. గుమ్మం మీద పలకలో ఇంటిపేరు "యమగిషి". వీధిలో ఇంటింటికీ చేతులు మారే కబురు కాగితంలో ఆమె "యమగిషి గారి ఇంటావిడ". కూతురు చదివిన బడిలో "పాప వాళ్ళమ్మ". ల్యాబ్‌లో "పార్ట్ టైమ్ ఆవిడ". మిసావో అని పిలవడానికి ఇప్పుడు ఫుసాకో ఒక్కతే మిగిలింది. ఒకచోట, ఒకే ఒకచోట, ఇది ఈమె చేసింది అని అచ్చులో ఉంటే చాలని ఆమెకు అనిపించింది. దానితో ఏం చేసుకుంటుందో ఆమె ఆలోచించలేదు.

కారు కంపెనీ వాళ్ళు వచ్చింది ఆగస్టులో.

జూలై నుంచే షీట్లలో చిన్న చిన్న ఉండలు కనిపిస్తున్నాయి. మిసావో కసాషిమాకి రెండుసార్లు చెప్పింది, నీళ్ళు వెచ్చబడ్డాయండీ అని. అతను టైపు చేసిన కాగితం తీసి చూసి, "నీళ్ళ గురించి ఇందులో ఏమీ లేదండీ. కొలతలన్నీ అవే కదా" అన్నాడు. అతని తప్పు కూడా కాదు. అతను చదివిందే నమ్మడం నేర్చుకున్న మనిషి.

ఆ రోజు పొద్దున్నే షెడ్డు రేకు మీద ఎండ చిటపటలాడుతోంది. తొట్టిలో చేయి పెట్టగానే మిసావోకి తెలిసిపోయింది. జిగురులో సాగు లేదు, వేళ్ళ మధ్య నుంచి ఒట్టి నీళ్ళలా జారిపోతోంది. కారు కంపెనీ వాళ్ళు ఐదుగురు, ఆ వేడిలో కూడా నల్ల కోట్లు. వాళ్ళకు చల్లటి బార్లీ టీ ఇమ్మని మకినో ముందు రోజే ఒక పెద్ద డబ్బా ఐసు తెప్పించి ఉంచాడు. మిసావో వంటగదిలో ఆ ఐసు చూసింది, గ్లాసుల వంక చూసింది, డబ్బాను రెండు చేతులతో ఎత్తుకుని తొట్టి దగ్గరకు నడిచింది. తన జీవితంలో ఎవరూ చెప్పకుండా అంతమంది మగవాళ్ళ మధ్యలోంచి నడవడం అదే మొదటిసారి. ఇంకో నాలుగు అడుగులు ఉండగా మకినో చేయి అడ్డం పెట్టాడు.

"ఐసు గ్లాసుల్లో వెయ్యాలమ్మా, తొట్టిలో కాదు."

ఐదుగురూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, మర్యాదైన నవ్వే. కసాషిమా ఆమె ముఖంలోకి చూశాడు, డబ్బా వైపు చూశాడు, మకినో వైపు చూశాడు, చివరికి నేల వైపు చూశాడు. మిసావో వెనక్కి తిరిగింది. ఐసు గ్లాసుల్లో వేసింది. ఒక్కో గ్లాసుకు మూడు ముక్కలు.

ఆమె ట్రే పట్టుకుని తిరిగొచ్చేసరికి ప్రెస్సు తెరుచుకుంది. కారు సీటు వెనక భాగం. మధ్యలో అద్దంలా ఉంది. రెండు లోతైన మూలల్లో మాత్రం, పోగులు ఉండ కట్టిన చోట, పండిన పండు పిగిలినట్టు పగుళ్ళు. వచ్చిన వాళ్ళు వంగి చూసి, ఎంతో నేర్చుకున్నామని చెప్పి, మూడుసార్లు తలలు వంచి, టీ సగం వదిలేసి వెళ్ళిపోయారు. మళ్ళీ రారని అందరికీ తెలుసు.

మిసావో గ్లాసులు కడుగుతుంటే కసాషిమా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఎంత చల్లగా ఉండాలి?" అన్నాడు.

"పది డిగ్రీల లోపు ఉంటే మంచిదండీ. ఇరవై దాటితే గంటలో నీళ్ళయిపోతుంది. వేరు నానేసేటప్పుడు కూడా చల్లటి నీళ్ళే వాడాలి."

అతను అరచేతిలో రాసుకుని, తల వంచి వెళ్ళిపోయాడు. గ్లాసు తుడుస్తూ తుడుస్తూ ఆమె చేయి ఆగింది. అడిగాడు, చెప్పేసింది. ఉప్పెంత అని అడిగితే చెప్పినట్టు, మందులెక్కడ అని అడిగితే చెప్పినట్టు. నలభై నాలుగేళ్ళుగా అడిగినవాళ్ళకు చెప్తూనే ఉంది. తన దగ్గర మిగిలిన ఆఖరి ముక్క కూడా ఇప్పుడు ఇంకొకరి అరచేతిలో ఉంది.

వారం తర్వాత మకినో పిలిచాడు. సంతకానికి బదులు వేసే పేరు ముద్ర కూడా తెచ్చుకోమని ముందే చెప్పి పంపాడు. బల్ల మీద ఒక కాగితం ఉంది. ఆ ఫ్యాక్టరీలో ఏం తప్పు జరిగినా ఐదుసార్లు 'ఎందుకు' అని అడగాలి, ఐదో దాని దగ్గర అసలు వేరు దొరుకుతుందని పద్ధతి.

"ఇందులో ఎవర్నీ తప్పుపట్టడం లేదమ్మా. పద్ధతి అంతే. చదువుకుని ముద్ర వేయండి" అన్నాడు మకినో.

ఆమె చదివింది. సీటు ఎందుకు పగిలింది? పోగులు ఉండ కట్టినందుకు. ఎందుకు ఉండ కట్టాయి? జిగురు పలచబడినందుకు. ఎందుకు పలచబడింది? అది నిలకడ లేని నాటు పదార్థం కాబట్టి. నాటు పదార్థం ఎందుకు వాడారు? తగిన పరిశీలన లేకుండా సూచన అందినందుకు. ఐదో గడిలో, ఎందుకు అందింది అన్న దానికి: సదరు జిగురును ల్యాబ్‌కు తెచ్చి, వాడవలసిందిగా సూచించినది పార్ట్ టైమ్ ఉద్యోగి యమగిషి మిసావో.

గడి చిన్నదే. పేరు పూర్తిగా పట్టింది. అక్షరాలు కూడా తప్పు పోలేదు.

"నేను రాసిన కాగితంలో నీళ్ళు చల్లగా ఉండాలని ఉంది సార్" అంది మిసావో.

"అలాంటిదేమీ నాకు గుర్తులేదు."

"మీరు పెన్సిలుతో కొట్టేశారు."

"అమ్మా, మూడేళ్ళ కిందటి మాట. ఆ కాగితం ఇప్పుడెక్కడుంది?" మకినో విసుక్కోలేదు, గొంతు మెత్తగా చేశాడు. "సెప్టెంబరుతో మీ ఒప్పందం ఎలాగూ అయిపోతోంది. గొడవ లేకుండా వెళ్ళడం మీకూ మంచిది కదా. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు."

కసాషిమా కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. అతను ఏదో ఒకటి అంటాడేమోనని ఆమె అటు చూసింది. తర్వాత అడిగింది:

"ఈ కాగితం ఎక్కడికి పోతుంది సార్?"

"పై ఆఫీసుకు. ఫైల్లో పదేళ్ళు ఉంటుంది."

"మీ ముద్ర కూడా ఉంటుందా?"

"నాదీ ఉంటుంది, డైరెక్టరు గారిదీ ఉంటుంది. ఎందుకు?"

మిసావో సంచీలోంచి ముద్ర తీసి, ఎర్ర సిరా అద్ది, తన పేరు పక్కన నిలువుగా, వంకర పోకుండా వేసింది. "మీ ఇద్దరివీ పడ్డాక నాకు ఒక నకలు ఇప్పించండి" అంది. ఖైదీ తన శిక్ష కాగితం తనే అడిగినట్టు మకినో విచిత్రంగా చూసి, సరేనన్నాడు. మర్నాడు ఆమె వచ్చి తీసుకుంది. ఆ నకలుకు ఏ విలువా లేదని ఆమెకు తెలుసు. దాన్ని పట్టుకుని ఏ ఆఫీసుకు వెళ్ళాలో తెలియదు, వెళ్ళినా ఎవరూ వినరని తెలుసు. చలికాలం రాగానే ఆ తొట్టిలో పది డిగ్రీల నీళ్ళు పోస్తారు, పోగులు పొగలా విచ్చుకుంటాయి, రెండో దరఖాస్తు మీద కూడా ఆ రెండు పేర్లే ఉంటాయి. ఆఖరి రోజు ఫుసాకో గేటు దాకా వచ్చి ఆమె కాలరు సరిచేసి వెళ్ళింది.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో సొరుగులో కత్తెర కోసం వెతుకుతూ సదయుకి ఆ కాగితాన్ని బయటికి లాగాడు. నిలబడే చదివాడు. "పని పోయిందంటే పోయింది, మంచిదే, అమ్మకు తోడుంటావు" అని అప్పటికే అనేసి ఉన్నాడు. ఇది మాత్రం అతనికి తెలియదు. చదివేకొద్దీ ముఖం ఎర్రబడింది.

"తప్పంతా తెచ్చి నీ నెత్తిన రుద్దారు కదే. బుర్ర ఉన్నవాళ్ళెవరైనా దీని మీద ముద్ర వేస్తారా? వెయ్యనంటే ఏం చేసేవాళ్ళు? ఎందుకు వేశావు?"

మిసావో అత్తగారి గోళ్ళు కత్తిరించడానికి నేల మీద కాగితం పరుస్తోంది. తలెత్తలేదు.

"ఆ జిగురు నేనే తెచ్చానని ఇంకెక్కడా రాసి లేదండీ."